జనాభా లెక్కతో బగ్గులు పట్టడం: ఫ్లోటింగ్ పాయింట్ విలువల వర్గీకరణ, ప్రాజెక్టు డైరీ

ఏం కడుతున్నాను

సీ భాషలో ఒక చిన్న హెడర్ ఫైలు. ఫ్లోటింగ్ పాయింట్ విలువ (కంప్యూటర్ దశాంశ సంఖ్యలను దాచే రూపం) ఇస్తే అది ఏ జాతిదో చెప్పాలి: సున్నా, సబ్‌నార్మల్ (సున్నాకి మరీ దగ్గరగా ఉండే అతిచిన్న విలువ), నార్మల్ (మామూలు విలువ), ఇన్ఫినిటీ, నాన్ (0/0 లాంటి లెక్కల్లో వచ్చే, సంఖ్యే కాని విలువ). ఒక సిమ్యులేషన్ రాసే ఫైళ్లలో పాడైన విలువలు ఎన్ని ఉన్నాయో, అవి ఏ రకానివో లెక్కపెట్టడానికి ఇది కావాల్సి వచ్చింది.

సీ99 (1999 నాటి సీ ప్రమాణం) నుంచే ఇదే పని చేసే ఎఫ్‌పీక్లాసిఫై ఉంది కదా, మళ్లీ రాయడం దేనికి అంటారా? నేనూ మొదట దాన్నే వాడాను. మూడు చోట్ల కుదరలేదు. ఫైళ్లలో 16 బిట్ల విలువలు మామూలు పూర్ణాంకాల్లాగా వస్తాయి, వాటిని అది తీసుకోదు. నాన్‌లలో ఉన్న రెండు రకాలను విడదీసి చెప్పదు. పైగా ఫాస్ట్-మ్యాథ్ ఫ్లాగుతో (కచ్చితత్వం కన్నా వేగమే ముఖ్యమని కంపైలర్‌కి చెప్పే ఆప్షన్) కంపైల్ చేస్తే దాని జవాబుకి భరోసా లేదు. మా సిమ్యులేషన్ కంపైల్ అయ్యేదేమో ఆ ఫ్లాగుతోనే.

దశ 0: కోడు కన్నా ముందు జనాభా పట్టిక

ఈ ప్రాజెక్టులో నేను సరిగ్గా చేసిన పని ఏదైనా ఉందంటే ఇదే. 32 బిట్ల విలువల్లో ఏ జాతివి ఎన్ని ఉంటాయో కాగితం మీదే తేల్చేయొచ్చు. ఐఈఈఈ 754 ప్రమాణం ప్రకారం సైన్‌కి (ప్లస్ లేదా మైనస్) 1 బిట్, ఎక్స్‌పోనెంట్‌కి (ఘాతం) 8, మాంటిస్సాకి (సంఖ్యలోని అంకెల భాగం) 23. ఎక్స్‌పోనెంట్ బిట్లన్నీ 0 అయితే అది సున్నా గాని సబ్‌నార్మల్ గాని. అన్నీ 1 అయితే ఇన్ఫినిటీ గాని నాన్ గాని. మధ్యలో ఉన్న 254 ఎక్స్‌పోనెంట్లూ నార్మల్.

- సున్నా: 2 (ప్లస్ ఒకటి, మైనస్ ఒకటి)
- సబ్‌నార్మల్: 2 × (2²³ − 1) = 1,67,77,214
- నార్మల్: 2 × 254 × 2²³ = 426,14,12,864
- ఇన్ఫినిటీ: 2
- నాన్: 1,67,77,214
- మొత్తం: 429,49,67,296, అంటే సరిగ్గా 2³²

టెస్టు పద్ధతి కూడా దీన్నుంచే వచ్చింది. 0 నుంచి 2³² − 1 దాకా ప్రతి బిట్ నమూనానీ ఫంక్షన్‌కి ఇచ్చి, అయిదు డబ్బాల్లో లెక్కపెట్టి, ఈ పట్టికతో పోల్చడం. నా ల్యాప్‌టాప్‌లో ఒక రౌండుకి పావు నిమిషం కూడా పట్టలేదు. ఇంత చవగ్గా మొత్తం పరీక్షించే వీలున్నప్పుడు నాలుగు విలువలు ఏరుకుని యూనిట్ టెస్టులు రాయడం దండగ.

దశ 1: లెక్కలతో అడిగితే

మొదటి వెర్షన్ అందరూ రాసేదే.

1. విలువ తనకు తాను సమానం కాకపోతే నాన్.
2. సున్నాకి సమానమైతే సున్నా.
3. దాని పరిమాణం అతిపెద్ద ఫ్లోట్‌ని మించితే ఇన్ఫినిటీ.
4. అతిచిన్న నార్మల్ కన్నా తక్కువైతే సబ్‌నార్మల్.
5. మిగిలినదంతా నార్మల్.

ఓ2 ఆప్టిమైజేషన్‌తో నడిపితే అయిదు డబ్బాలూ పట్టికతో అచ్చంగా సరిపోయాయి. తర్వాత ఫాస్ట్-మ్యాథ్ పెట్టి అదే ఫైలు మళ్లీ నడిపాను:

- సున్నా: 3,35,54,430
- సబ్‌నార్మల్: 0
- నార్మల్: 426,14,12,866
- ఇన్ఫినిటీ: 0
- నాన్: 0

మొత్తం సరిపోయింది గానీ మూడు జాతులు మాయం. డీబగ్గర్ తెరిచే ముందు ఈ అంకెల్నే కాసేపు చూశాను. నార్మల్‌లో 2 ఎక్కువ, అంటే ఇన్ఫినిటీలు రెండూ అక్కడికి చేరాయి. సున్నా డబ్బాలో ఉన్నది 2 + 1,67,77,214 + 1,67,77,214. సబ్‌నార్మల్‌లన్నీ, నాన్‌లన్నీ మూకుమ్మడిగా సున్నాలైపోయాయన్న మాట.

నాన్ సున్నా ఎలా అవుతుంది? అసెంబ్లీ తీసి చూస్తే తెలిసింది. ఫాస్ట్-మ్యాథ్ అంటే "నాన్‌లూ ఇన్ఫినిటీలూ రావు" అని కంపైలర్‌కి మనం ఇచ్చే హామీ. ఆ హామీ మీద మొదటి మెట్టుని, మూడో మెట్టుని పూర్తిగా తీసేసింది. మిగిలింది సున్నాతో పోలిక. ఎక్స్86 ప్రాసెసర్‌లో ఫ్లోట్‌లను పోల్చే ఇన్‌స్ట్రక్షన్‌కి నాన్ తగిలితే "సమానం" ఫ్లాగుని, దానితోపాటు పారిటీ ఫ్లాగుని కూడా లేపుతుంది. మామూలుగా కంపైలర్ రెండిటినీ చూసి "ఇది నిజమైన సమానం కాదు" అని తెలుసుకుంటుంది. హామీ ఇచ్చాం కాబట్టి పారిటీని చూడటం మానేసింది. నాన్ వెళ్లి సున్నా డబ్బాలో పడింది. మీ కంపైలర్‌లో, మీ వెర్షన్‌లో అంకెలు వేరేగా రావచ్చు. అబద్ధమాడే పద్ధతి వేరు, అంతే.

నాకు తోచిన మొదటి వైద్యం: సిమ్యులేషన్ అంతా ఫాస్ట్-మ్యాథ్‌తోనే ఉండనిచ్చి, నా ఒక్క ఫైలుకే ఆ ఫ్లాగు తీసేయడం. ఫలితం:

- సున్నా: 1,67,77,216
- సబ్‌నార్మల్: 0
- నార్మల్: 426,14,12,864
- ఇన్ఫినిటీ: 2
- నాన్: 1,67,77,214

నాన్‌లు వెనక్కి వచ్చాయి, సబ్‌నార్మల్‌లు రాలేదు. దీని దగ్గర ఒక సాయంత్రమంతా పోయింది. నా ఫైలు అసెంబ్లీలో వంక పెట్టడానికి ఏమీ లేదు. దోషం లింకింగ్‌లో (కంపైల్ అయిన ఫైళ్లను కలిపి ఒకే ప్రోగ్రాం చేసే దశ) ఉంది. జీసీసీ కంపైలర్‌కి లింక్ చేసేటప్పుడు ఫాస్ట్-మ్యాథ్ ఇస్తే, ప్రోగ్రాం మొదలవగానే నడిచే ఒక చిన్న ముక్కని కలుపుతుంది. అది ప్రాసెసర్ కంట్రోల్ రిజిస్టర్‌లో రెండు బిట్లు పెడుతుంది: సబ్‌నార్మల్ లోపలికొస్తే సున్నాగా చూడమని ఒకటి, ఫలితంగా సబ్‌నార్మల్ వస్తే సున్నా చేయమని ఇంకొకటి. ఫైలుకి ఫ్లాగు తీసినా ప్రాసెసర్ మోడ్ మారదు కదా. పాత జీసీసీలలో ఇంకో చిక్కు ఉంది: వెర్షన్ 13 కన్నా ముందు, షేర్డ్ లైబ్రరీని ఈ ఫ్లాగుతో లింక్ చేసినా ఆ ముక్క అతుక్కునేది. అంటే ఎవరో కట్టిన లైబ్రరీని లోడ్ చేసుకున్న పాపానికి మన లెక్కలు మారిపోయేవి.

ఇక లెక్కలతో అడగడం మానేశాను. విలువతో ఏ లెక్క చేసినా కంపైలర్, ప్రాసెసర్ మధ్యలో వేలు పెడతాయి. బిట్లను పూర్ణాంకంగా చదివితే ఆ గొడవ లేదు.

ఇప్పటిదాకా: 5 గంటలు, 2 బగ్గులు.

దశ 2: బిట్లు చదవడం

ఫ్లోట్ చిరునామాని పూర్ణాంకపు పాయింటర్‌గా క్యాస్ట్ చేసి చదివాను. ఓ0లో (ఆప్టిమైజేషన్ లేకుండా) సరిగ్గానే ఉంది, ఓ2లో కొన్ని చోట్ల పాత బిట్లు వచ్చాయి. రెండు వేర్వేరు రకాల పాయింటర్లు ఒకే చోటుని చూపవని సీ ప్రమాణం కంపైలర్‌ని అనుకోనిస్తుంది. నేను ఆ నియమం మీరాను. మెమ్‌కాపీతో 4 బైట్లు కాపీ చేస్తే సరిపోయింది. ఫంక్షన్ పిలుపు ఖర్చు అవుతుందేమో అనుకున్నాను గానీ, ఓ2లో అది ఒక్క మూవ్ ఇన్‌స్ట్రక్షన్‌గా మారిపోతుంది.

తర్వాత వర్గీకరణ. ఎక్స్‌పోనెంట్‌ని, మాంటిస్సాని విడివిడిగా మాస్క్ చేసి నాలుగు ఇఫ్‌లు రాయొచ్చు. అంతకన్నా తేలిక దారి ఒకటుంది. బిట్లను ఒక స్థానం ఎడమకి జరిపితే సైన్ బిట్ రాలిపోతుంది. మిగిలిన పూర్ణాంకంలో అయిదు జాతులూ చిన్నదాన్నుంచి పెద్దదాకా వరుసగా నిలబడతాయి.

1. 0 అయితే సున్నా.
2. 2²⁴ కన్నా తక్కువైతే సబ్‌నార్మల్.
3. 255 × 2²⁴, అంటే 427,81,90,080 కన్నా తక్కువైతే నార్మల్.
4. సరిగ్గా అంతే అయితే ఇన్ఫినిటీ.
5. మించితే నాన్.

మొదటి రౌండులో సబ్‌నార్మల్ 1,67,77,216, నార్మల్ 426,14,12,862 వచ్చాయి. తేడా రెండే రెండు. ఇలాంటప్పుడు కోడంతా వెతకక్కర్లేదు. ఏ సరిహద్దు విలువైనా ప్లస్‌కి ఒకటి, మైనస్‌కి ఒకటి ఉంటుంది కాబట్టి, తేడా 2 వచ్చిందంటే సరిహద్దు పోలిక తప్పిందన్నమాటే. రెండో మెట్టులో "తక్కువ" బదులు "తక్కువ లేదా సమానం" రాశాను. దిద్దాను, పట్టికతో కలిసింది. ఫాస్ట్-మ్యాథ్ పెట్టినా కలిసింది, లింకింగ్‌లో పెట్టినా కలిసింది. రౌండుకి పట్టిన సమయం 14 సెకన్ల నుంచి 9కి తగ్గింది. అది నేను కోరుకున్నది కాదు గానీ, వస్తే కాదనను.

ఇప్పటిదాకా: 7 గంటలు, 4 బగ్గులు.

దశ 3: 16 బిట్లు, సీ భాష వేసిన మొట్టికాయ

హాఫ్ ప్రెసిషన్‌లో సైన్ 1, ఎక్స్‌పోనెంట్ 5, మాంటిస్సా 10. జనాభా మొత్తం 65,536: సున్నా 2, సబ్‌నార్మల్ 2,046, నార్మల్ 61,440, ఇన్ఫినిటీ 2, నాన్ 2,046. దశ 2 కోడులోని సంఖ్యలు మార్చితే చాలనుకున్నాను. 2²⁴ బదులు 2,048, ఇన్ఫినిటీకి 31 × 2,048 = 63,488.

వచ్చింది:

- సున్నా: 1
- సబ్‌నార్మల్: 1,023
- నార్మల్: 30,720
- ఇన్ఫినిటీ: 1
- నాన్: 33,791

నాలుగు జాతులు సరిగ్గా సగమయ్యాయి. నాన్ అంకె 1,023 + 32,768. మైనస్ వైపు జనమంతా నాన్‌లైపోయారు. సైన్ బిట్ రాలలేదని అంకెలే చెబుతున్నాయి, కానీ ఎడమకి జరిపిన లైను కళ్లెదుటే ఉంది!

ఆ లైనులో తప్పు లేదు, నాకు భాష గుర్తులేదు. సీలో ఇంట్ కన్నా చిన్న పూర్ణాంకం ఏ లెక్కలోకి వచ్చినా ముందు ఇంట్‌గా మారుతుంది. 16 బిట్ల విలువని జరిపితే అది జరిగేది 32 బిట్ల గదిలో. సైన్ బిట్ రాలి పడటానికి అంచే లేదు, హాయిగా 16వ స్థానంలో కూర్చుంది. జరిపిన ఫలితాన్ని మళ్లీ 16 బిట్లకి క్యాస్ట్ చేస్తే సరిపోయింది. 32 బిట్ల కోడు ఇంతసేపూ పని చేసింది ఇంట్ అక్కడ సరిగ్గా 32 బిట్లు కావడం వల్లే. అక్కడ కూడా క్యాస్ట్ పెట్టేశాను.

ఇప్పటిదాకా: 8న్నర గంటలు, 5 బగ్గులు.

దశ 4: ఒకే ఫంక్షన్ చాలదా?

చాలదు. ఫ్లోట్‌కి (32 బిట్లు) ఒకటి, డబుల్‌కి (64 బిట్లు) ఒకటి రాయడం బద్ధకమనిపించి, డబుల్ తీసుకునే ఒకే ఫంక్షన్ పెట్టి ఫ్లోట్‌లను కూడా దానికే పంపాను. సబ్‌నార్మల్ 0, నార్మల్ 427,81,90,078. పాత నార్మల్‌కి 1,67,77,214 కలిపి చూడండి, అంతే వస్తుంది.

ఫ్లోట్‌లో అతిచిన్న నార్మల్ సుమారు 1.18 × 10⁻³⁸. డబుల్‌లో అది సుమారు 2.2 × 10⁻³⁰⁸. ఫ్లోట్ ఇరుకులో సబ్‌నార్మల్‌గా బతుకుతున్న విలువకి డబుల్‌లో కావల్సినంత చోటు దొరికి నార్మల్ అయిపోతుంది. ప్రమాణంలో ఎఫ్‌పీక్లాసిఫై ఫంక్షన్‌గా కాక మ్యాక్రోగా ఎందుకుందో ఇన్నాళ్లకి అర్థమైంది. విలువ జాతి దాని టైపుతో ముడిపడి ఉంది, టైపు మారితే జాతి మారొచ్చు. సీ11 జెనెరిక్ సెలక్షన్‌తో టైపుని బట్టి సరైన ఫంక్షన్‌కి పంపేలా చేశాను.

ఇప్పటిదాకా: 9న్నర గంటలు, 6 బగ్గులు.

దశ 5: రెండు రకాల నాన్

ఎక్కువ సమయం తిన్నది ఇదే. క్వైట్ నాన్ లెక్కల్లో చప్పుడు లేకుండా ప్రయాణిస్తుంది. సిగ్నలింగ్ నాన్‌ని ఏదైనా లెక్కలో వాడితే ఇన్‌వాలిడ్ ఎక్సెప్షన్ లేవాలి. ఐఈఈఈ 754 ప్రమాణం 2008 కూర్పు మాంటిస్సా పైబిట్ 1 అయితే క్వైట్‌గా పెట్టమంటుంది. పాత మిప్స్, పీఏ-రిస్క్ ప్రాసెసర్లలో ఇది సరిగ్గా తలకిందులు, కాబట్టి పాత యంత్రాల ఫైళ్లు చదివేవాళ్లు ఇక్కడ ఆగి చూసుకోండి.

32 బిట్లలో క్వైట్ 83,88,608, సిగ్నలింగ్ 83,88,606 ఉండాలి. సిగ్నలింగ్ రెండు తక్కువ ఎందుకంటే మాంటిస్సా మొత్తం 0 అయ్యే చోటు ఇన్ఫినిటీది.

64 బిట్ల బిల్డులో సరిపోయింది. ఆప్టిమైజేషన్ లేని 32 బిట్ల ఎక్స్86 బిల్డులో సిగ్నలింగ్ 0, క్వైట్ 1,67,77,214. ఒక్కటీ మిగల్లేదు.

వర్గీకరణ కోడులో మూడు గంటలు వెతికాను. తప్పు అక్కడ లేదు, టెస్టులో ఉంది. బిట్ల నుంచి ఫ్లోట్ తయారుచేసి తిరిగిచ్చే చిన్న ఫంక్షన్ రాసుకున్నాను. 32 బిట్ల ఎక్స్86లో ఫ్లోట్‌ని తిరిగివ్వడమంటే ఎక్స్87 (ఎక్స్86లోని పాత ఫ్లోటింగ్ పాయింట్ భాగం) రిజిస్టర్‌లో పెట్టడం. ఆ రిజిస్టర్ 80 బిట్లది. 32 నుంచి 80కి మార్చడం దాని దృష్టిలో ఒక లెక్కే, కాబట్టి సిగ్నలింగ్ నాన్ దారిలోనే క్వైట్ అయిపోతుంది. మనం ఒక్క కూడిక కూడా చేయలేదు, ఊరికే చేతులు మార్చాం.

మార్పులు:

1. ఫంక్షన్లు ఇక విలువ తీసుకోవు, చిరునామా తీసుకుంటాయి.
2. టెస్టు ఎక్కడా ఫ్లోట్‌ని తిరిగివ్వదు. పూర్ణాంకాన్ని మెమరీలో రాసి ఆ చిరునామా ఇస్తుంది.
3. ఫలితం అయిదు జాతులు కాదు, పది. సిగ్నలింగ్ నాన్, క్వైట్ నాన్, మిగతా నాలుగింటికి ప్లస్ మైనస్ చొప్పున ఎనిమిది.

పది అనేది నా సొంత లెక్క కాదు, 2008 ప్రమాణంలోని క్లాస్ ఆపరేషన్ ఇదే పదిని ఇస్తుంది. రిస్క్-ఫైవ్ ప్రాసెసర్లలో దీనికి ఏకంగా ఒక ఇన్‌స్ట్రక్షనే ఉంది. పది బిట్లలో ఒక్కటి వెలిగించి ఇస్తుంది: 0వ బిట్ మైనస్ ఇన్ఫినిటీ, అక్కణ్ణుంచి పైకెక్కుతూ 7వది ప్లస్ ఇన్ఫినిటీ, 8 సిగ్నలింగ్, 9 క్వైట్. నేనూ ఆ వరుసే తీసుకున్నాను. "ఇన్ఫినిటీ గాని నాన్ గాని ఉందా" అనేది ఒక్క యాండ్‌తో తేలిపోతుంది.

ఇప్పటిదాకా: 14 గంటలు, 7 బగ్గులు.

దశ 6: 64 బిట్లు, అన్నీ తిప్పి చూడలేని చోటు

2⁶⁴ నమూనాలు. సెకనుకి వంద కోట్లు చూసినా 580 ఏళ్లు దాటుతుంది. ర్యాండమ్ తప్పదు.

ముందు 0 నుంచి 1 మధ్య ర్యాండమ్ డబుల్స్ 10 కోట్లు తీసుకున్నాను. నార్మల్ 10 కోట్లు, మిగతా డబ్బాలన్నీ ఖాళీ. టెస్టు పచ్చగా ఉంది, పరీక్షించింది మాత్రం ఏమీ లేదు. ఇది టెస్టులో బగ్గుగా లెక్కేశాను.

తర్వాత ర్యాండమ్ బిట్లు తీసుకున్నాను. ఎక్స్‌పోనెంట్లు 2,048 కాబట్టి 10 కోట్లలో సుమారు 48,828 సబ్‌నార్మల్‌లు, అన్నే నాన్‌లు రావాలి. 48,911, 48,702 వచ్చాయి, ఫరవాలేదు. కానీ సున్నా, ఇన్ఫినిటీ ఈ జన్మలో తగలవు. అందుకని సరిహద్దుల పట్టిక ఒకటి చేతితో కట్టాను: 2,048 ఎక్స్‌పోనెంట్లు × 2 సైన్లు × మాంటిస్సా 5 విలువలు. ఆ అయిదూ 0, 1, 2⁵¹ − 1, 2⁵¹, 2⁵² − 1. మొత్తం 20,480. రావాల్సినవి: సున్నా 2, సబ్‌నార్మల్ 8, నార్మల్ 20,460, ఇన్ఫినిటీ 2, సిగ్నలింగ్ 4, క్వైట్ 4. మొదటిసారే కలిశాయి. దశ 2లో చేసిన సరిహద్దు తప్పుని కావాలని మళ్లీ పెట్టి చూశాను: ఈ పట్టిక వెంటనే పట్టుకుంది, 10 కోట్ల ర్యాండమ్ పట్టుకోలేదు.

ఇప్పటిదాకా: 16 గంటలు, 8 బగ్గులు.

దశ 7: 8 బిట్లు

బీఫ్లోట్16 (ఎక్స్‌పోనెంట్ 8, మాంటిస్సా 7 ఉన్న 16 బిట్ల ఫార్మాట్) అయిదు నిమిషాల్లో అయిపోయింది: సున్నా 2, సబ్‌నార్మల్ 254, నార్మల్ 65,024, ఇన్ఫినిటీ 2, నాన్ 254. దాని ఊపులో మెషీన్ లెర్నింగ్‌లో వాడే 8 బిట్ల ఈ4ఎం3 కూడా అదే కోడుకి ఇచ్చాను. ఎక్స్‌పోనెంట్ 4, మాంటిస్సా 3. నా కోడు ప్రకారం ఇన్ఫినిటీ 2, నాన్ 14, నార్మల్ 224.

256ని ఇన్ఫినిటీ అంటోంది. ఈ ఫార్మాట్‌లో అసలు ఇన్ఫినిటీయే లేదు! ఉన్న కొద్ది చోటులో ఎక్కువ నార్మల్‌లు ఇమడ్చడానికి, సైన్ పక్కన పెడితే బిట్లన్నీ 1 అయిన ఒక్క నమూనానే నాన్‌గా ఉంచి, మిగతావి నార్మల్‌కి ఇచ్చేశారు. అందుకే గరిష్ఠ విలువ 448. సరైన జనాభా సున్నా 2, సబ్‌నార్మల్ 14, నార్మల్ 238, నాన్ 2. దశ 0లో వేసిన పట్టిక సూత్రాన్నే ఇక్కడ గుడ్డిగా వాడి ఉంటే తప్పు పట్టిక, తప్పు కోడు చక్కగా కలిసిపోయేవి. స్పెసిఫికేషన్ చదివి పట్టిక విడిగా వేసుకున్నాను కాబట్టి దొరికింది.

ఫార్మాట్ వివరాల్లో మూడో పారామీటర్ చేర్చాను: నాన్‌లు ఎక్కడ మొదలవుతాయి. ఈ4ఎం3కి సైన్ రాల్చాక అది 254, ఇన్ఫినిటీ మెట్టు దాటేస్తుంది. 256 నమూనాలూ కలిశాయి.

80 బిట్ల లాంగ్ డబుల్ మాత్రం చేర్చలేదు. అందులో ముందంకె బిట్ దాగి ఉండదు, బయటికే రాసి ఉంటుంది. దానివల్ల ఈ పది జాతుల్లో దేనికీ చెందని నమూనాలు పుడతాయి, వరుసగా నిలబెట్టే చిట్కా అక్కడ చెల్లదు. ఎవరైనా ఆ టైపు ఇస్తే కంపైల్ ఎర్రర్ వచ్చేలా పెట్టాను.

మొత్తం: 17న్నర గంటలు, 9 బగ్గులు. హెడర్ 140 లైన్లు, టెస్టులు 310.